ఎకనామిక్స్ పుస్తకం తెరిచే ముందు ఒక పొద్దు మండీలో నిలబడండి

చిత్తూరులో డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకి ట్యూషన్ చెబుతాను. డిమాండు రేఖ (ఏ ధరకి జనం ఎంత కొంటారో చూపే గీత) చకచకా గీసేస్తారు. ఎందుకు కిందికి వాలిందని అడిగితే పుస్తకం వెతుకుతారు. అందుకే మొదటి పని: ఒక సరుకు ఎంచుకుని నెల రోజులు దాని ధర రాయండి, మారిన రోజు పక్కనే కారణమూ రాయండి.

మన దగ్గరైతే తోతాపురి మామిడే మేలు. 2025లో కాయ విరగకాసింది. గుజ్జు ఫ్యాక్టరీల్లో పాత నిల్వలు అలాగే ఉన్నాయి. సప్లయి పెరిగింది, డిమాండు తగ్గింది, ధర పడింది. ఒక జాగ్రత్త: ధర తగ్గినందుకే జనం ఎక్కువ కొంటే 'డిమాండు పెరిగింది' అని రాయకండి. అది అదే రేఖ మీద కిందికి జరగడం. ఆదాయమో, అభిరుచో, నిల్వలో మారితేనే రేఖ జరుగుతుంది.

ఆ ఏడు మా నాయన కాయ కోయనన్నాడు. "మందులకి, దుక్కికి అంత పోసి నాలుగు రూపాయలకి అమ్మేదా?" అని. పోసింది ఎట్లా చేసినా తిరిగిరాదు, దాన్ని లెక్కలోంచి తీసెయ్ నాయనా అన్నాను. కోతకూలి, బండి బాడుగ కిలోకి రెండున్నర. కోస్తే రూపాయిన్నర మిగులుతుంది. మొత్తం మీద నష్టమే, అయినా కోయాలి. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కూలోళ్ళని పిలిచాడు. తర్వాత ప్రభుత్వం ఫ్యాక్టరీలు కిలోకి ఎనిమిది రూపాయలు ఇవ్వాలని, తాను నాలుగు కలుపుతానని చెప్పింది. ధర కట్టారు గానీ ఆ ధరకి ఫ్యాక్టరీలు కొనేదానికంటే వచ్చిన కాయే ఎక్కువ, గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కనీస ధర పాఠం చదివేటప్పుడు ఆ వరుస గుర్తు తెచ్చుకోండి.

ఒక్క తోటలో విరగకాస్తే ఆ రైతుకి పండగ, అన్ని తోటల్లోనూ కాస్తే ధర పాతాళానికి. ఒకరికి నిజమైంది అందరికీ నిజం కాకపోవచ్చు. దేశం మొత్తం లెక్క చూసే స్థూల ఆర్థికశాస్త్రంలోకి ఇదే గడప.

టమాటా ధర పెరగడమే ద్రవ్యోల్బణం కాదు. ఇంటి ఖర్చుల బుట్ట మొత్తం ధర ఎంత పెరిగిందో చూస్తారు. 2023 జులైలో టమాటా మండిపోయినప్పుడు ద్రవ్యోల్బణం 7.44 శాతానికి చేరింది. రిజర్వు బ్యాంకు లక్ష్యం 4, పైహద్దు 6. టమాటా మండుతున్నా ఆగస్టులో రెపో రేటు (బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ) 6.5 దగ్గరే ఉంచింది. వడ్డీ పెంచితే జనం అప్పు చేయడం తగ్గుతుంది గానీ మదనపల్లె చేలల్లో టమాటాలు కాయవు కదా.

జీడీపీకి (దేశంలో ఏడాదిలో తయారైన తుది సరుకులు, సేవల మొత్తం విలువకి) ఇంటిపని: కాయ 12 రూపాయలు, ఆ కాయతో చేసిన గుజ్జు 40, ఆ గుజ్జుతో చేసిన జ్యూసు 100 అనుకోండి. మూడూ కూడి 152 అని రాసుకొస్తే మళ్ళీ చేయిస్తాను.