కారు లేకుండా పిల్లలతో హైదరాబాద్‌కు: నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రులకు జాగ్రత్తలు

నల్లగొండ నుంచి బయలుదేరినా, మహబూబ్‌నగర్ (పాలమూరు) నుంచి బయలుదేరినా హైదరాబాద్ వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. వేసవి సెలవుల్లో జూపార్కు చూపించడానికో, నీలోఫర్ ఆసుపత్రిలో చూపించుకోవడానికో, చుట్టాల ఇంట్లో పెళ్లికో సొంత కారు లేని కుటుంబాలు చిన్నపిల్లలను వెంటబెట్టుకొని బస్సులోనే బయలుదేరతాయి. బస్సులో కూర్చున్న రెండు మూడు గంటల్లో పిల్లలకు పెద్దగా ఏమీ కాదు. బస్సు దిగి, సంచులు దించుకొని, రోడ్డు దాటి, మరో బండి వెతుక్కొనే పది పదిహేను నిమిషాల్లోనే చెయ్యి జారుతుంది. కాబట్టి ఎక్కడ దిగాలి, అక్కడి నుంచి ఎన్ని బండ్లు మారాలి అన్న సంగతి ముందు రోజు రాత్రే తేల్చుకోవాలి. ఒక్క బండి తగ్గించుకోవడానికి అరగంట ఎక్కువ పట్టినా నష్టం లేదని నా అభిప్రాయం.

బయలుదేరే ముందు వెళ్లే చోటు ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో చూసుకోవాలి. నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. గేటు దాకా వచ్చాక తాళం కనబడితే పిల్లలు ఏడుస్తారు, పెద్దలు అప్పటికప్పుడు ఇంకో చోటు అనుకొని తెలియని బస్సు ఎక్కుతారు, తప్పులు అక్కడే మొదలవుతాయి. ఉదయం ఇల్లు దాటే ముందు, ఆ రోజు వేసిన బట్టలతో పిల్లల ఫోటో ఒకటి ఫోన్లో తీసి పెట్టుకోవాలి. తప్పిపోయిన పిల్లను వెతికేవాళ్లు మొదట అడిగేది చొక్కా రంగే, కంగారులో ఉన్న తల్లికి ఆ రంగే గుర్తుకు రాదు. ఫోన్ నంబరు రాసిన కాగితం చొక్కా లోపలి జేబులో పెట్టాలి, లేదా ముంజేతి మీద పెన్నుతో రాసి చొక్కా చెయ్యి కిందికి లాగాలి. పేరును మాత్రం బయటికి కనిపించేలా రాయకూడదు, పేరు పెట్టి పిలిచిన ప్రతివాళ్లనూ పిల్లలు తెలిసినవాళ్లే అనుకుంటారు.

టికెట్ల సంగతిలో చాలామంది తికమక పడుతుంటారు. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద మహిళలు, బాలికలు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ, నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవచ్చు. డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సులకు ఇది వర్తించదు. ఐదేళ్లు దాటి పన్నెండేళ్ల లోపు ఉన్న మగపిల్లలకు హాఫ్ టికెట్ తీసుకోవాలి. ఉచితమే కదా అని ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడితే సెలవు రోజుల్లో సీటు దొరకకపోవచ్చు. ఆరేళ్ల పిల్లవాడిని నిలబెట్టి, ఒక చేత్తో కడ్డీని, ఇంకో చేత్తో వాడిని పట్టుకొని రెండు గంటలు పోవడం కంటే, ఆ ఒక్క రోజుకు డబ్బులు పెట్టి డీలక్స్ ఎక్కడమే మేలు. ఉచిత బస్సే కావాలనుకుంటే దారిలో చెయ్యెత్తి ఆపకుండా, బస్సు బయలుదేరే బస్టాండుకే వెళ్లి సీటు పట్టుకోవాలి.

వాంతుల భయం ఉన్న పిల్లలకు పొద్దున్నే పూరీలు, నూనె వస్తువులు పెట్టకూడదు, అలాగని ఖాళీ కడుపుతోనూ తీసుకెళ్లకూడదు. రెండు ఇడ్లీలు పెట్టి, వెనక చక్రాల మీద కాకుండా ముందు వైపు సీట్లో కూర్చోబెట్టి, ఫోన్ చేతికివ్వకుండా దూరంగా ఉన్న చెట్లనూ గుట్టలనూ చూడమనాలి. రెండు పాలిథిన్ కవర్లు, ఒక జత బట్టలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్, ఇంటి నుంచి తెచ్చిన మంచినీళ్లు సంచి అడుగున కాకుండా పైనే ఉండాలి. కిటికీ పక్కన కూర్చున్న పిల్లల చెయ్యి, తల బయటికి రాకుండా పెద్దవాళ్లు అటే కన్నేసి ఉండాలి.

నల్లగొండ బస్సులు నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ జాతీయ రహదారి ఎక్కి చిట్యాల, చౌటుప్పల్, హయత్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ చేరతాయి. పని అమీర్‌పేట, లక్డీకాపూల్, నాంపల్లి వైపు ఉంటే ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) దాకా పోకుండా ఎల్బీనగర్‌లోనే దిగి మెట్రో ఎక్కడం తేలిక. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వరకు ఒకే లైను కాబట్టి ఆ దారిలో ఉన్న ఏ స్టేషన్‌కైనా రైలు మారకుండా చేరవచ్చు. నీలోఫర్‌కు వెళ్లేవాళ్లు లక్డీకాపూల్‌లో దిగి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. బస్సు దిగిన వెంటనే డివైడర్ మధ్య సందు చూసి పిల్లతో పరుగెత్తడం చాలామంది చేసే పొరపాటు. మెట్రో స్టేషన్‌కు రోడ్డుకు రెండు వైపులా మెట్లు, లిఫ్టులు ఉంటాయి కాబట్టి ఒక వైపు ఎక్కి, టికెట్ గేట్ల దాకా పోకుండానే ఇంకో వైపు దిగవచ్చు. రైలు ఎక్కే పని లేకపోయినా రోడ్డు దాటడానికి ఈ దారి వాడుకోవాలి.

బస్సులో వయసు లెక్క, మెట్రోలో ఎత్తు లెక్క. మూడడుగుల లోపు ఎత్తున్న పిల్లలకు మెట్రోలో టికెట్ అక్కర్లేదు. ఎస్కలేటర్ మీద చున్నీ, చీర కుచ్చెళ్లు, పిల్లల వదులు చెప్పులు ఇరుక్కొనే ప్రమాదం ఉంది కనుక, చంకలో పిల్ల, చేతిలో సంచి ఉన్నప్పుడు లిఫ్టే ఎక్కాలి. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు వరకు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు ఉద్యోగుల రద్దీ ఎక్కువగా ఉంటుంది. ముఖ్యంగా రెండు లైన్లు కలిసే అమీర్‌పేటలో ఆ వేళల్లో పిల్లలతో రైలు మారే పని పెట్టుకోకూడదు.

మెట్రో తలుపులు ఎవరి కోసమూ ఆగవు. కొన్నేళ్ల కింద, మా అమ్మాయికి ఏడేళ్లున్నప్పుడు, రెండు చేతుల్లోనూ సంచులు పట్టుకొని నేను ముందు దిగాను, ఆమె దిగేలోపు తలుపులు మూసుకున్నాయి. లోపలున్న ఒక పెద్దమ్మ అద్దం లోంచి చెయ్యి ఊపి, తర్వాతి స్టేషన్‌లో ఆమెతో పాటు దిగి, నేను వచ్చేదాకా అక్కడే నిలబడింది. నేను చేరగానే "సంచి పోతే పోనీ బిడ్డా, పోరి చెయ్యి ఇడుస్తారా" అని మందలించి, తర్వాతి రైలెక్కి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి మేము ఒక కట్టుబాటు పెట్టుకొన్నాము. పిల్ల రైల్లో ఉండిపోతే తర్వాతి స్టేషన్‌లో దిగి, ప్లాట్‌ఫాం మీద దిగిన చోటే నిలబడాలి. పిల్ల ప్లాట్‌ఫాం మీద ఉండిపోతే అక్కడి నుంచి కదలకూడదు, పెద్దవాళ్లే వెనక్కి వస్తారు. ఈ రెండు మాటలు ఇంట్లోనే ఆటలా రెండు మూడుసార్లు ఆడించి నేర్పాలి. ఎక్కేటప్పుడు పిల్ల ముందు, పెద్దవాళ్లు వెనక ఉండాలి. దిగేటప్పుడు ఇద్దరూ చెయ్యి పట్టుకొని ఒక్కసారే దిగాలి, సామాను వీపు సంచిలోనే ఉండాలి.

పాలమూరు వైపు బస్సులు జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్ మీదుగా ఆరాంఘర్ చేరి, అక్కడి నుంచి నగరంలోకి వస్తాయి. జూపార్కు ఆ వైపే ఉంది కాబట్టి ఎంజీబీఎస్ దాకా పోయి వెనక్కి రావలసిన అవసరం సాధారణంగా ఉండదు. అయితే 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్కు వరకు నాలుగు కిలోమీటర్ల పొడవైన ఫ్లైఓవర్ తెరిచారు. బస్సు దాని మీదికి ఎక్కితే మధ్యలో దిగడం కుదరదు. పై నుంచి పోతుందా, కింది నుంచి పోతుందా, జూ దగ్గర ఎక్కడ ఆపుతారు అని కండక్టర్‌ను టికెట్ తీసుకొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

వానాకాలంలో ఎంజీబీఎస్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఆ బస్టాండు మూసీ నది నడుమ ఉంది. 2025 సెప్టెంబరు ఆఖరి వారంలో జంట జలాశయాలైన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు నీళ్లు బస్టాండులోకే వచ్చాయి, ప్రయాణికులను బయటికి తరలించవలసి వచ్చింది. అప్పుడు నల్లగొండ వైపు బస్సులను ఎల్బీనగర్ నుంచి, మహబూబ్‌నగర్ వైపు బస్సులను ఆరాంఘర్ నుంచి నడిపారు. కాబట్టి జోరువానలు పడుతున్న రోజుల్లో ఆ జలాశయాల గేట్ల వార్త వింటే ప్రయాణం వాయిదా వేసుకోవాలి. అప్పటికే నగరంలో ఉంటే, ఎంజీబీఎస్‌కు పోకుండా మన వైపు బస్సు దొరికే శివారుకే నేరుగా చేరుకోవాలి. నీళ్లు నిలిచిన రోడ్డులో పిల్లను నడిపించకూడదు, నీటి కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉన్నా కనిపించదు.

ఆటో ఎక్కితే పిల్లను మధ్యలో కూర్చోబెట్టాలి, డ్రైవర్ పక్కన కూర్చోబెట్టే షేర్ ఆటో ఎక్కకూడదు. యాప్‌లో చవకగా దొరుకుతుందని బైక్ ట్యాక్సీ మీద పిల్లను ఒళ్లో పెట్టుకొని పోవడం అసలే పనికిరాదు. నాలుగేళ్ల లోపు పిల్లలను ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్తే వాళ్లకు హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ కేంద్రం 2022లోనే నిబంధన తెచ్చింది. అద్దె బైకు దగ్గర పసిపిల్ల హెల్మెట్ ఎక్కడిది?

నాంపల్లిలో జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు జరిగే నుమాయిష్ (పారిశ్రామిక ప్రదర్శన)కు ఆదివారం సాయంత్రం కాకుండా మామూలు రోజున పెందలాడే వెళ్లాలి. లోపలికి అడుగు పెట్టగానే, తప్పిపోతే కలుసుకొనే చోటు ఒకటి పిల్లకు చూపించాలి. ఒకవేళ పిల్ల కనిపించకపోతే అరగంట మనమే వెతికి ఆ తర్వాత చెప్పుదామనుకోకూడదు. దగ్గరున్న పోలీసుకో, సిబ్బందికో వెంటనే ఫోటో చూపించి, 112కు గానీ పిల్లల సహాయ నంబరు 1098కు గానీ ఫోన్ చేయాలి. రైల్లోనో రైల్వే స్టేషన్‌లోనో అయితే 139కు చేయాలి. మనలో ఒకరు మాత్రం పిల్ల చివరిగా కనిపించిన చోటే నిలబడి ఉండాలి.

తిరుగు ప్రయాణం సాయంత్రం నాలుగు లోపే మొదలుపెట్టడం మంచిది. సంక్రాంతికి ముందు రోజుల్లో విజయవాడ వైపు పోయే బండ్లన్నీ చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేట్ వద్ద బారులు తీరుతాయి కాబట్టి నల్లగొండ వాళ్లు ఆ రోజుల్లో ఇంకా ముందే కదలాలి, పిల్లలకు తిండీ నీళ్లూ రెండింతలు పెట్టుకోవాలి. రోజంతా తిరిగిన పిల్లలు హయత్‌నగర్ దాటకముందే నిద్రపోతారు. చీకట్లో నిద్రమత్తులో ఉన్న పిల్లను భుజాన వేసుకొని, సంచులతో బస్సు మెట్లు దిగడం కష్టం. నార్కట్‌పల్లి దగ్గర బస్సు నల్లగొండ దారి పట్టగానే లేపి, మొహం తుడిచి, చెప్పులు తొడిగించి కూర్చోబెడితే ఊరు వచ్చేసరికి తన కాళ్ల మీద తానే దిగుతుంది.