గడ్డి చామంతి గాయాన్ని మాన్పుతుందా? ల్యాబ్‌లో తేల్చుకునే పద్ధతి

తెగిన చోట గడ్డి చామంతి ఆకు నలిపి పసరు పిండడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన వైద్యమే. దీన్ని పరీక్షించాలనుకునే ఎమ్మెస్సీ, ఫార్మసీ విద్యార్థులు చాలామంది నేరుగా స్క్రాచ్ పరీక్షకు (పెంచిన కణాల పొర మీద గీత గీసి, అది పూడుతుందో లేదో చూడడం) దిగుతారు. ఆ పరీక్షలో తెలిసేది కణాలు జరిగి ఖాళీని పూడ్చడం ఒక్కటే. రక్తం కట్టడం, వాపు తగ్గడం, చీము పట్టకపోవడం అందులో కనపడవు. ఊళ్లో పసరు పిండేది ముఖ్యంగా రక్తం ఆగడానికే. కాబట్టి స్క్రాచ్ ఫలితం బాగా వచ్చినంత మాత్రాన ఊరి వాడకం రుజువైనట్టు కాదు.

ముందు మొక్కను సరిగ్గా గుర్తుపట్టాలి. గుంటగలగరతో పొరబడేవాళ్లున్నారు. గడ్డి చామంతికి పొడుగాటి నూగు కాడ చివర ఒకే పువ్వు ఉంటుంది. మధ్యలో పసుపు, చుట్టూ ఐదారు లేతరంగు రేకలు, రేక కొసన మూడు నొక్కులు. గుంటగలగర పువ్వు చిన్నది, తెల్లటిది, రేకలు సన్నగా ఎక్కువ ఉంటాయి. పువ్వున్న కొమ్మను హెర్బేరియం షీటు (ఆరబెట్టి అట్టకు అంటించిన నమూనా) చేసి వృక్షశాస్త్ర విభాగంలో నిర్ధారించుకోండి. కలుపు మందు కొట్టిన గట్టు మీద కోయకండి.

ఆకులు కడిగి, చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా నీడన ఆరబెట్టండి. తడి మిగిలితే బూజు పడుతుంది. 50 గ్రాముల పొడిని 500 మి.లీ. 70 శాతం ఇథనాల్‌లో 48 గంటలు నానబెట్టి, మధ్యమధ్య కుదపండి. వడకట్టి, రోటరీ ఎవాపరేటర్‌లో (ద్రావకాన్ని ఆవిరి చేసి తీసేసే యంత్రం) 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. ఊళ్లో వాడేది పచ్చి పసరు గనక నీటి సారం కూడా తీసి, లయోఫిలైజ్ చేసి (గడ్డకట్టించి ఆరబెట్టి) పక్కన పెట్టుకోండి.

ఇథనాల్ సారం 100 మి.గ్రా.ను 1 మి.లీ. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగిస్తే స్టాక్ సిద్ధం. ఇందులో 1 మైక్రోలీటరు 1 మి.లీ. మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవం) వేస్తే మి.లీ.కు 100 మైక్రోగ్రాములు, డీఎంఎస్‌ఓ 0.1 శాతం. తక్కువ మోతాదుల కోసం స్టాక్‌నే డీఎంఎస్‌ఓతో పలుచన చేయండి. అప్పుడే ప్రతి వెల్‌లోనూ (ప్లేటులోని చిన్న గుంట) డీఎంఎస్‌ఓ సమానంగా ఉంటుంది. సారం లేకుండా 0.1 శాతం డీఎంఎస్‌ఓ మాత్రమే వేసిన వెల్‌లు కంట్రోల్, అంటే పోల్చి చూసేవి. మీడియంలో వేశాక మైక్రోస్కోపు కింద చూడండి. రేణువులు కనబడితే సారం విరిగింది, ఆ మోతాదు పనికిరాదు.

స్క్రాచ్ కంటే ముందు ఎంటీటీ పరీక్ష తప్పదు. ఎంటీటీ అనే పసుపు మందును బతికున్న కణాలు ఊదారంగుకు మారుస్తాయి, ఆ రంగును బట్టి ఎన్ని బతికున్నాయో తెలుస్తుంది. ఐఎస్‌ఓ 10993-5 (కణాలకు విషమో కాదో తేల్చే అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం, కంట్రోల్‌తో పోలిస్తే బతికున్న కణాలు 70 శాతం కంటే తగ్గితే ఆ మోతాదు విషం కింద లెక్క. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది: ఆకులోని పాలీఫినాల్స్ కణాలు లేకుండానే ఎంటీటీని ఊదారంగుకు మార్చగలవు. కణాలు లేని వెల్‌లలో సారం, ఎంటీటీ వేసి, ఆ రీడింగును తీసేయకపోతే చచ్చిన కణాలు కూడా బతికున్నట్టే కనబడతాయి.

ఇక గీత. 24 వెల్‌ల ప్లేటులో ఎల్929 కణాలు (ల్యాబ్‌లో పెంచే చిట్టెలుక కణాలు) సందు లేకుండా పరుచుకున్నాక, 200 మైక్రోలీటర్ల టిప్‌ను నిటారుగా పట్టుకుని ఒక్క ఊపున గీయండి. వాల్చి గీస్తే పొర అంచు చుట్టుకుని లేస్తుంది. పీబీఎస్‌తో (కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణం) మెల్లగా, గోడ వెంబడి పోస్తూ రెండుసార్లు కడగండి. మీడియంలో సీరం (కణాలు పెరగడానికి కలిపే రక్తద్రవం) 1 శాతం దాటకూడదు. దాటితే కణాలు జరిగాయో, విభజన చెంది పెరిగాయో తేలదు. పాజిటివ్ కంట్రోల్‌కు (గీత పూడుతుందని ముందే తెలిసిన వెల్‌లు) మాత్రం 10 శాతం సీరం పెట్టండి. ప్లేటు అడుగున మార్కర్‌తో గుర్తు పెట్టి, 0, 12, 24 గంటలకు అదే చోట ఫొటో తీయండి. ఇమేజ్‌జె అనే సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ వైశాల్యం కొలిచి, తగ్గిన వైశాల్యాన్ని మొదటి దానితో భాగించి 100తో గుణించండి. సన్నటి గీత తొందరగా శాతం పెంచేస్తుంది. మొదటి వెడల్పు మిగతావాటికి బాగా తేడాగా ఉన్న వెల్‌ను 0 గంటలప్పుడే పక్కన పెట్టాలి, 24 గంటల ఫలితం చూశాక కాదు. ఒక్కో మోతాదుకు మూడు వెల్‌లు, మొత్తం ప్రయోగం వేర్వేరు రోజుల్లో మూడుసార్లు. ఒకే ప్లేటులోని మూడు వెల్‌లను మూడు ప్రయోగాలుగా లెక్కగట్టడం చాలా థీసిస్‌లలో కనబడే తప్పు.

చీము సంగతికి స్టెఫలోకాకస్ ఆరియస్ బాక్టీరియా మీద బ్రాత్ (పోషక ద్రవం) పలుచన పద్ధతిలో ఎంఐసీ, అంటే దాని పెరుగుదలను ఆపే కనీస మోతాదు, చూడండి. సారం అగర్ జెల్లీలో సరిగా వ్యాపించదు గనక సారంలో తడిపిన డిస్క్ చుట్టూ బాక్టీరియా పెరగని వలయాన్ని నమ్ముకోవద్దు. ఎలుకల మీద ప్రయోగానికి సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి ముందే ఉండాలి. ల్యాబ్ సారాన్ని మనుషుల పుండ్ల మీద, మీ సొంత పుండైనా సరే, రాయకండి.