గుండె ఎమ్మారైకి ముందు టీ మానండి, మెట్టెలు తీయండి

గుండె రక్తనాళాల్లో పూడిక ఉందేమోనని ఎమ్మారై రాస్తే అందరూ ఖర్చెంత, ఎంతసేపు అని అడుగుతారు. టీ తాగవచ్చా అని అడిగేవారు తక్కువ. నిజానికి ముందు అడగవలసింది అదే. ఈ పరీక్షలో తరచుగా అడినోసిన్ అనే మందు ఎక్కించి, గుండె కండరంలో ఏ భాగానికి రక్తం చాలడం లేదో చూస్తారు. కాఫీ, టీలలోని కెఫీన్ ఆ మందును పనిచేయనివ్వదు. పూడిక ఉన్నా లేనట్టే కనిపించవచ్చు. అందుకే 24 గంటల ముందు నుంచి కాఫీ, టీ, కోలా, చాక్లెట్ ముట్టవద్దు. కొన్ని తలనొప్పి మాత్రల్లోనూ కెఫీన్ ఉంటుంది. ఉబ్బసం ఉంటే దాచకండి, ఈ మందుతో ఆయాసం రావచ్చు. రోజూ వేసుకునే మాత్రలను మాత్రం డాక్టరును అడగకుండా ఆపవద్దు.

ఇక అయస్కాంతం. ఎమ్మారై యంత్రమంటేనే ఒక పెద్ద అయస్కాంతం. 1.5 టెస్లా (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. పరీక్ష జరగనప్పుడూ అది పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో బంధువుకు తోడుగా వచ్చిన ఒక యువకుడు ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. కాబట్టి తోడు వెళ్లేవారికీ ఈ జాగ్రత్తలు వర్తిస్తాయి. సిబ్బంది పిలిస్తే తప్ప గడప దాటకండి.

పుస్తెలతాడు, మెట్టెలు, వెండి మొలతాడు, తాయెత్తు, పిన్నీసులు అన్నీ ఇంట్లోనే తీసేయండి. బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా అంటారు. అంటుకోకపోయినా వేడెక్కి చర్మం కాలవచ్చు, చిత్రం చెడిపోవచ్చు. బిగిసిన మెట్టెలను ముందురోజే సబ్బునీళ్లతో వదులు చేయండి. మెడ బోసిగా ఉంచడానికి మనసొప్పని తల్లులు పసుపు కొమ్ము కట్టిన దారం వేసుకోవచ్చేమో సిబ్బందిని అడగండి. ఆ బాధ చిన్నది కాదు.

స్టెంట్ (పూడిక పడిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేయించుకున్నవారు భయపడనక్కరలేదు, చాలా స్టెంట్లకు ఎమ్మారై సురక్షితమే. పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో అమర్చిన పరికరం ఉంటే మాత్రం వాటి కార్డు చూపించి, అనుమతి దొరికాకే లోపలికి వెళ్లండి. చిత్రం స్పష్టంగా రావడానికి గాడోలినియం అనే మందు ఇంజెక్షన్ ఇస్తారు కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవారు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు తీసుకెళ్లాలి. గర్భిణులు ముందే చెప్పాలి.

లోపల పదిపదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టమంటారు. ఇంట్లో నాలుగైదుసార్లు అలవాటు చేసుకోండి. చేతికి రబ్బరు బంతి ఇస్తారు. ఛాతీలో నొప్పి వచ్చినా, ఇరుకుగా అనిపించి భయం వేసినా మొహమాటపడకుండా నొక్కండి, వెంటనే బయటికి తీస్తారు.