గ్యాస్ కేసు అంబులెన్సులో, గుండె కేసు బైకు మీద

రాత్రి రెండున్నరకి 108 వచ్చి క్యాజువాలిటీ ముందు ఆగింది. స్ట్రెచర్ దించేలోపే పేషెంటు తనే దిగి, చెప్పులు వెతుక్కుని తొడుక్కుని, నడిచి లోపలికి వచ్చాడు. మూడు రోజుల నుంచి కడుపు ఉబ్బరం, పుల్లటి తేన్పులు. ఆ నెలలోనే ఇంకో రాత్రి, దాదాపు అదే వేళకి, బైకు మీద ఇద్దరి మధ్యన ఇరుక్కుని ఒకాయన వచ్చాడు. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. "సిస్టరమ్మా, గ్యాస్ పట్టేసింది. సోడా తాగినా దిగలేదు. ఒక సూది వేస్తే పోతాం" అన్నాడు. ఈసీజీ తీస్తే గుండెపోటు. మెట్లు కూడా తనే ఎక్కి వచ్చాడు.

నేను ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పదకొండేళ్ళు క్యాజువాలిటీలోనే చేశాను, అందులో సగం నైట్ డ్యూటీలే. చిన్న జబ్బుకి 108 ఎక్కి వచ్చేవాళ్ళని తిట్టడానికి ఇది రాయడం లేదు. పగలు ఓపీకి వస్తే ఆ రోజు కూలి పోతుంది. రాత్రి ఆటోవాడు అయిదు వందలు అడుగుతాడు. 108 ఉచితం, ఫోన్ చేస్తే వస్తుంది. ఎవరైనా ఏం చేస్తారు? 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆ సర్వీసు మొదలైనప్పుడు నేను నర్సింగ్ చదువుతున్నాను. మా ఊళ్ళో అప్పటిదాకా ప్రాణం మీదికొస్తే ట్రాక్టరే గతి. కాబట్టి దాని విలువ నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఎప్పుడు ఎక్కాలి, ఎప్పుడు అక్కర్లేదు అన్నది మాత్రం మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ముందు క్యాజువాలిటీ అంటే ఏంటో చెప్తాను. ఈ రాత్రి ఎవరూ చనిపోకుండా చూడటం మా పని. నాలుగు నెలల మోకాలి నొప్పి ఎందుకొచ్చిందో కనిపెట్టడం మా వల్ల కాదు. రాత్రిపూట ఒక డ్యూటీ డాక్టరు ఉంటారు. ఎముకల డాక్టరు, చర్మం డాక్టరు ఉండరు. పరీక్షలు కూడా అత్యవసరమైనవే చేస్తారు. చిన్న సమస్యతో వస్తే ఒక మాత్రో, సూదో ఇచ్చి "పొద్దున ఓపీకి రండి" అంటాం. అంటే అర్ధరాత్రి ఇంతదూరం వచ్చినా పని సగం కూడా అవ్వదు, పొద్దున మళ్ళీ రావాల్సిందే.

పైగా ఇక్కడ వచ్చిన వరసలో చూడరు, ప్రాణాపాయం ఎంతన్నదాన్ని బట్టి మనిషికో రంగు కేటాయిస్తాం. ఎర్ర రంగు వాళ్ళని వెంటనే చూస్తాం, పసుపు వాళ్ళు కొంచెం ఆగాలి, ఆకుపచ్చ వాళ్ళు బెంచీ మీద కూర్చోవాలి. అంబులెన్సులో వస్తే ముందు చూస్తారనుకుంటారు చాలామంది. స్ట్రెచర్ మీద వచ్చినా ఆకుపచ్చ ఆకుపచ్చే. గంటన్నర కూర్చుని, "మా తర్వాత వచ్చినవాళ్ళని లోపలికి పంపారేంటి?" అని నా మీద అరిచిన పెద్దమనుషులు లెక్కలేనంతమంది. నిజానికి మిమ్మల్ని కూర్చోబెట్టారంటే సంతోషించాలి. మేం పరిగెత్తుకుంటూ వస్తే అప్పుడు టెన్షన్ పడండి.

సెలైన్ గురించి కూడా ఇక్కడే తేల్చేస్తాను. "నీరసంగా ఉందమ్మా, ఒక బాటిల్ ఎక్కించండి" అని రాత్రికి కనీసం ఇద్దరు అడుగుతారు. అరలీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నీళ్ళు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. అంతే. గ్లూకోజు బాటిల్ అయితే అరలీటరులో 25 గ్రాముల చక్కెర, అంటే అయిదారు టీ చెంచాలు. వాంతులు ఆగక ఏమీ నిలవకపోతే, బీపీ పడిపోతే సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. నోటితో తాగగలిగిన మనిషికి మాత్రం లీటరు నీళ్ళలో కలిపిన ఓఆర్ఎస్ పొట్లం దానికంటే మేలు. పొట్లాన్ని గ్లాసుల లెక్కన పంచి కలపకండి, మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలిపి ఆ రోజే తాగేయండి.

తెల్లారేదాకా ఆగగలిగేవి ఏవి? జ్వరం వచ్చి మనిషి మాట్లాడుతూ, నీళ్ళు తాగుతూ, మూత్రం పోస్తూ ఉంటే ఆగచ్చు. పారాసిటమాల్ ఇవ్వండి. పిల్లలకైతే వయసు చూసి కాదు, బరువు చూసి: కిలోకి 15 మిల్లీగ్రాములు, అంటే పది కిలోల బిడ్డకి 150. సీసా మీద 125 అనో, 250 అనో ఉంటుంది, అది అయిదు ఎంఎల్‌లో ఉన్న మందు లెక్క. పాత సీసా 125ది, కొత్త సీసా 250ది అయితే అదే మూత నిండా పోసి రెట్టింపు డోసు తాగించినవాళ్ళని చూశాను. ఆరు గంటలకోసారి చాలు. మూడు నెలల లోపు పసిబిడ్డకి జ్వరం అయితే ఈ లెక్కలేవీ వద్దు, ఏ వేళైనా తీసుకొచ్చేయండి.

బీపీ సంగతి వేరు. ఇంటింటికీ మెషిన్ వచ్చాక మాకు ఈ కేసులు పెరిగాయి. నిద్ర పట్టక పన్నెండింటికి చూసుకుంటారు, 170 వస్తుంది. భయపడి మళ్ళీ చూస్తారు, 180. కొడుకుని లేపుతారు, కోడలు ఏడుస్తుంది, ఇంకోసారి చూస్తే 190. అప్పుడు 108. మా దగ్గరికొచ్చి అరగంట బెంచీ మీద కూర్చుంటే 150కి దిగుతుంది. కుర్చీకి వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, మాట్లాడకుండా అయిదు నిమిషాలు కూర్చున్నాకే చూడాలి. ఎక్కువగా ఉన్నా తలనొప్పి, ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, చెయ్యి తిమ్మిరి లాంటివి లేకపోతే అది పొద్దున డాక్టరుతో మాట్లాడాల్సిన విషయం. వేసుకోవడం మర్చిపోయిన మాత్ర ఉందేమో చూసుకోండి, సాధారణంగా ఉంటుంది. ఎవరో చెప్పారని నాలిక కింద బీపీ మాత్ర పెట్టి ఒక్కసారిగా దించెయ్యకండి. అలా దించితే పక్షవాతమే రావచ్చు.

ముక్కులోంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకండి. ముందుకి వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు గట్టిగా పట్టుకోండి, మధ్యలో వదిలి చూడకుండా. ఇరవై నిమిషాలైనా ఆగకపోతే రండి.

కుక్క కరిస్తే చాలామంది ముందు పరుగు తీస్తారు, తర్వాత కడుగుతారు. తిరగేసి చెయ్యండి. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసుకుని కడగండి. కారం, సున్నం, పసుపు ఏవీ పెట్టొద్దు. టీకా ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. మొదటి సూది రోజుని సున్నా అనుకుంటే మళ్ళీ 3, 7, 28వ రోజుల్లో రావాలి. రక్తం వచ్చిన గాయానికైతే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇంకో మందు కూడా కావాలి, కాబట్టి ఆ రాత్రే రండి. కానీ బైకు మీదో ఆటోలోనో రండి, కుక్కకాటుకి దారిలో అంబులెన్సు చేసే వైద్యం ఏమీ లేదు.

అసలు నేను పొరపాటు పడింది చిన్నగా కనిపించే పెద్దవాటితో. నాలుగేళ్ళ కిందట మా పెదనాన్న కొడుకు రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "అక్కా, పొట్ట పైభాగంలో పట్టేసినట్టుంది, బిర్యానీ తిన్నాను." నేను డ్యూటీలో ఉన్నాను, ముందు ముగ్గురు పేషెంట్లు. జీలకర్ర నీళ్ళు తాగి పడుకోరా అన్నాను. క్యాజువాలిటీ సిస్టర్‌ని, నేనే అన్నాను ఆ మాట. పొద్దున వాడి భార్య ఆసుపత్రికి లాక్కెళ్తే ఈసీజీలో తేడా ఉంది, స్టెంటు వేశారు. బతికాడు, కానీ ఇప్పటికీ మేడ మెట్లు ఆగి ఆగి ఎక్కుతాడు. అప్పటి నుంచి ఫోనులో ఎవరికీ గ్యాస్ అని చెప్పలేదు. ఛాతీలో గానీ, పొట్ట పైభాగంలో గానీ బరువుగా పట్టేసి, దానికి చెమట, ఆయాసం, వాంతి, ఎడమ చేతికో దవడకో లాగడం ఇందులో ఏ ఒక్కటి తోడైనా 108కి చెయ్యండి. షుగర్ ఉన్నవాళ్ళకి నొప్పే ఉండకపోవచ్చు, ఉత్త ఆయాసం, నీరసమే ఉంటాయి. నడవకండి, బైకు ఎక్కకండి. మా దగ్గరికొచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తియ్యాలన్నది లెక్క. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే గుండె అంత మిగులుతుంది.

పల్లెటూళ్ళ వాళ్ళకి ఇంకోటి. కటిక నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతున్నాయి, మింగుడు పడటం లేదు అంటే కట్లపాము కాటేమో అని అనుమానించండి. అది కరిస్తే నొప్పి ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తాడు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా పడుకోబెట్టి 108 పిలవండి. రక్తపింజరి కరిచిందని వస్తే మేం రక్తం తీసి గాజు ట్యూబులో ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి, గడ్డ కట్టిందా లేదా చూస్తాం. ఆ ఇరవై నిమిషాలూ "ఏమీ చెయ్యకుండా ఊరికే చూస్తున్నారు" అని గొడవ పెట్టుకోకండి, అదే పరీక్ష.

మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం అయితే టైం రాసుకోండి. మనిషి చివరిసారి బాగున్నట్టు ఎవరు, ఎన్నింటికి చూశారు అన్నదే డాక్టరు అడిగే మొదటి ప్రశ్న. గడ్డ కరిగించే మందుకి నాలుగున్నర గంటలే గడువు. పది నిమిషాల్లో మళ్ళీ మామూలైపోయినా ఇంట్లో ఉండిపోకండి, పెద్దది ఆ వెనకే రావచ్చు. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టొద్దు. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే రెండోది వచ్చినా 108. డెంగీలో జ్వరం తగ్గిన రోజు ధైర్యపడకండి. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం, మగత రావచ్చు. పిల్లలు రూపాయి బిళ్ళ మింగితే చాలాసార్లు దానంతటదే పోతుంది, అయినా ఎక్స్‌రే తీయించాలి. బొమ్మల్లో ఉండే బటన్ సెల్ (గుండీలాంటి చిన్న బ్యాటరీ) మింగితే మాత్రం ఒక్క గంట కూడా ఆగకూడదు, అది అన్నవాహికని కాల్చేస్తుంది. పురుగు మందు, నీళ్ళలో మునగడం, కాన్పు నొప్పులు, యాక్సిడెంట్లు సరే, అవి ఎవరికీ చెప్పక్కర్లేదు.

108కి ఫోన్ చేస్తే ముందు ఏడవకండి, ముందు మండలం, ఊరు, గుర్తు చెప్పండి. "మా ఇంటి దగ్గర" అంటే వాళ్ళకేం తెలుస్తుంది? రామాలయం, వాటర్ ట్యాంకు, రేషన్ షాపు అని చెప్పండి. తర్వాత మనిషి పలుకుతున్నాడా, ఊపిరి ఎలా ఉంది అన్నది చెప్పండి. బండి త్వరగా రావాలని స్పృహలో ఉన్నవాణ్ణి లేడని చెప్పేవాళ్ళున్నారు. అలా చెప్తే ఇంకో ఊళ్ళో నిజంగా స్పృహ లేనివాడికి బండి దూరమవుతుంది. అటు నుంచి పెట్టెయ్యమనేదాకా ఫోన్ పెట్టెయ్యకండి, ఆ నెంబరు ఖాళీగా ఉంచండి, పైలట్, అంటే అంబులెన్సు డ్రైవరు, దారి కోసం దానికే చేస్తాడు. ఒకరిని టార్చి లైటుతో రోడ్డు మలుపు దగ్గర నిలబెట్టండి. సందులో అడ్డంగా పెట్టిన బైకులు తీయించండి, కుక్కని కట్టెయ్యండి. ఈలోపు వేరే బండి దొరికి బయల్దేరిపోతే మళ్ళీ ఫోన్ చేసి వద్దని చెప్పండి, ఇది దాదాపు ఎవరూ చెయ్యరు. కాన్పయ్యాక ఇంటికి దిగబెట్టడం 108 పని కాదు. దానికి ఆంధ్రాలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, తెలంగాణలో 102 ఉన్నాయి.

అంత అవసరం లేదు గానీ అడగడానికి ఎవరూ లేరు అనిపిస్తే, ముందు మీ ఏఎన్ఎమ్మో, ఆశా అక్కో ఉంటారు. ఊళ్ళో విలేజ్ క్లినిక్, తెలంగాణలో అయితే పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా ఉంటాయి. ఈ-సంజీవనిలో ఫోనులోనే డాక్టరుతో ఉచితంగా మాట్లాడచ్చు.

క్యాజువాలిటీకి వస్తే మనిషికి తోడు ఒక్కరే లోపలికి రండి, అది కూడా మందులు తెలిసినవాళ్ళు. మొన్న ఒక ముసలాయనతో పదకొండు మంది వచ్చారు. ఏం మాత్రలు వేసుకుంటాడంటే ఒక్కరికీ తెలీదు, "తెల్లవి రెండు, ఎర్రది ఒకటి" అన్నారు. ఎప్పుడు మొదలైంది, ఇప్పటికే ఏం మందు పడింది, పాత జబ్బులేంటి, ఈ మూడూ ముందు చెప్పండి. ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని వస్తే దాచకండి, మేం తిట్టం. తాగి ఉంటే అదీ చెప్పండి, పెళ్ళాం ముందు చెప్పలేకపోతే నాకు చెవిలో చెప్పండి.

ఇంట్లో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకోండి. వాడుతున్న మాత్రల ఖాళీ అట్టలు, పాత ఈసీజీ, డిశ్చార్జి కాగితం, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు జిరాక్సులు, పడని మందు ఏదైనా ఉంటే పెద్ద అక్షరాలతో రాసిన చీటీ. బీరువాలో కాదు, తాళం కోసం వెతుక్కునే టైం ఉండదు. మా ఇంట్లో అది వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతుంది, పక్కనే టార్చి లైటు.