పడవ ఒడ్డెక్కాక ప్లగ్ తీసేసి ఊరుకోకండి

మొన్న మార్చిలో మా మిత్రుడొకరు తన పడవ మీది టార్పాలిన్ ఎత్తి చూసినప్పుడు పక్కన నేనూ ఉన్నాను. డెట్రాయిట్ దగ్గర లేక్ సెయింట్ క్లెయిర్ ఒడ్డున ఒక బోట్ యార్డు, ట్రైలర్ మీద 19 అడుగుల తెరచాప పడవ. మనుషులు కూర్చునే గుంత, అంటే కాక్‌పిట్‌లో జానెడు మందాన గడ్డకట్టిన నీళ్ళు, ఆ గడ్డ లోపల ఎర్రటి మేపుల్ ఆకులు అద్దంలో పెట్టినట్టు కనబడుతున్నాయి. పడవ కిందికి దించే పలక, అదే సెంటర్‌బోర్డు, దిగే గూడు పక్కన పడవ అడుగు చీలిపోయింది, సీటు అతుకు ఊడి పైకి లేచింది.

నీళ్ళు పోయే కంతకి బిగించే మూతే ప్లగ్, అది తీయడం మర్చిపోయాడేమో అనుకుంటారు. లేదు, అక్టోబరులోనే తీశాడు. అది వాళ్ళింట్లో తాళాల కొక్కేనికి వేలాడుతూనే ఉంది. జరిగిందేమిటంటే, మంచు బరువుకి టార్పాలిన్ మధ్యలో కుంగి చిరిగింది, కరిగిన నీళ్ళన్నీ లోపలికి దిగాయి, ట్రైలర్ ముందు జాక్ మెత్తబడిన మట్టిలోకి కూరుకుపోయి పడవ ముందుభాగం కిందికి వంగింది. కంత వెనకుంది, నీళ్ళు ముందుకి చేరాయి. వెనక్కి పారిన కాసిని నీళ్ళని కూడా ఒక ఆకు లోపలినుంచి కంతకి అతుక్కుని ఆపేసింది. మంచు కరిగాక ఆయన ఆ ఆకుని వేలితో గీకి తీసి, చేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడకుండా నిలబడిపోయాడు. ఫైబర్ పనివాళ్ళు చెప్పిన ఖర్చు ఆయన ఆ పడవ కొన్న ధర కన్నా ఎక్కువ.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. ఈసారి చలికాలానికి మొదటిసారిగా పడవ ఒడ్డెక్కిస్తున్న మనవాళ్ళు నాకు తెలిసే నలుగురున్నారు. తెరచాపలు కడిగి ఆరబెట్టి ఇంటికి తెచ్చుకోండి, తిండి సామాను వదిలేయకండి లాంటివి ఎవరైనా చెప్తారు. నేను నీళ్ళ గురించే చెప్తాను.

నీళ్ళకి దారి

మా కాకినాడ వైపు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం, అన్నీ ఒడ్డునే ఉంటాయి. అక్కడ పడవలో నాలుగు చినుకులు నిలిస్తే ఎండకి ఆరిపోతాయి, ఎక్కువైతే డబ్బాతో తోడేస్తారు, పడవకి ఏమీ కాదు. ఆ లెక్క మిచిగన్‌లో పనికిరాదు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. 100 లీటర్ల నీళ్ళకి ఇంచుమించు 109 లీటర్ల చోటు కావాలి, ఆ చోటు ఇవ్వకపోతే ఫైబర్‌ని చీల్చుకుని తీసుకుంటుంది. అదీ ఒక్కసారి కాదు. ఇక్కడి చలికాలంలో రెండు రోజులు కరిగి మూడో రాత్రి మళ్ళీ గడ్డకడుతుంది, కరిగినప్పుడల్లా నీరు పగులులోకి ఇంకాస్త దిగుతుంది, గడ్డకట్టినప్పుడల్లా ఆ పగులు ఇంకాస్త తెరుచుకుంటుంది.

బరువు కూడా లెక్కేసుకోండి. 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు కాక్‌పిట్‌లో 15 సెంటీమీటర్ల నీరు నిలిస్తే 300 లీటర్లు, అంటే 300 కిలోలు. నీళ్ళలో ఉన్నప్పుడు పడవ బరువంతా అడుగు మొత్తానికీ పంచుకుపోతుంది. ట్రైలర్ మీద అదంతా రెండు మూడు చెక్క ఆనింపుల మీదే పడుతుంది.

అందుకే ప్లగ్ తీయడం పనిలో సగమే. పడవ ముందుభాగాన్ని మన తీరంలో అణియం అంటారు, వెనకభాగాన్ని అమరం అంటారు. చాలా చిన్న పడవలకి కంత అమరం వైపు ఉంటుంది కాబట్టి అణియం పైకి ఉండాలి, కంటికి తెలిసేంత పైకి, చలికాలం పొడుగునా. జాక్ కింద వెడల్పాటి చెక్క పలక వేయండి, వట్టి మట్టి మీద పెట్టకండి. నవంబరులో రాయిలా ఉన్న నేల మార్చిలో బురదవుతుంది.

కుదిరాక అణియం దగ్గర ఒక బకెట్ నీళ్ళు పోయండి. వెనక్కి వెళ్ళి చూడండి. పోసిన నీళ్ళు పోసినట్టు బయటికి రావాలి. చుక్కలు చుక్కలుగా వస్తే ఎక్కడో అడ్డుపడింది, తీగ పెట్టి శుభ్రం చేసి మళ్ళీ పోయండి. కేబిన్ ఉన్న పడవైతే కాక్‌పిట్ డ్రెయిన్లకి కూడా విడిగా ఇదే పరీక్ష, ఎందుకంటే అవి మూసుకుంటే కాక్‌పిట్ నిండి గుమ్మం మీదుగా కేబిన్‌లోకి పొర్లుతుంది.

దాక్కునే నీళ్ళు

పడవ అడుగున ఉండే వాల్వులు ఒడ్డు మీద ఉన్నంతకాలం తెరిచే ఉంచండి. బాల్ వాల్వు మూస్తే లోపలి గుండు బోలులో కాసిన్ని నీళ్ళు చిక్కుకుంటాయి, దాన్ని పగలగొట్టడానికి అవి చాలు.

చుక్కానిని ఊడదీసి ఇంటికి తెచ్చేయండి. చాలావాటిలో ఫోమ్ ఉంటుంది, ఇరుసు దగ్గర సన్నని పగుళ్ళలోంచి నీరు తాగుతుంది. రెండు రోజులు నిలబెట్టాక కింది అంచు తడిగా కనబడితే లోపల నీళ్ళున్నట్టే.

మాస్ట్‌ని, అంటే తెరచాప కొయ్యని, పడుకోబెట్టేటప్పుడు ఒక చివర పల్లంగా, ఆ చివర తెరిచి ఉండేలా చూడండి. అల్యూమినియం గొట్టంలో చిక్కిన నీళ్ళు దాన్ని పొడుగునా చీల్చేస్తాయి.

మంచినీళ్ళ ట్యాంకు, గొట్టాలు ఉంటే ముందు పూర్తిగా ఖాళీ చేసి, ఆ తర్వాతే గులాబీ రంగు ప్రొపిలీన్ గ్లైకాల్ పోయండి. ఉన్న నీళ్ళమీదే పోస్తే పలచబడి అదీ గడ్డకడుతుంది. కార్లలో వాడే ఎథిలీన్ గ్లైకాల్ తాగునీటి గొట్టాల్లోకి పోనివ్వకండి, అది విషం. రుచికి తియ్యగా ఉంటుంది కాబట్టి నేలమీద ఒలికితే కుక్కలు నాకి చచ్చిపోతాయి.

మోటారు

పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డు మోటారుని నిలువుగా ఉంచండి. పైకి తిప్పి వదిలేస్తే ప్రొపెల్లర్ మధ్య బోలులో వాననీరు నిలిచి, గడ్డకట్టి గేర్ల గూడు పగులుతుంది. గేర్ ఆయిల్ ఇప్పుడే మార్చండి, వసంతంలో కాదు. కింది స్క్రూ తీస్తే వచ్చే నూనె పాలు కలిపిన టీలా ఉంటే సీలు పోయి నీళ్ళు చేరాయన్నమాట, ఆ నీళ్ళు చలికాలమంతా లోపలుంటే ఏమవుతుందో ఇప్పటిదాకా చెప్పిందే. కొత్త నూనె కింది కంతలోంచి ఎక్కించండి, పై కంతలోంచి వచ్చేదాకా. పెట్రోల్‌లో స్టెబిలైజర్ కలిపి పది నిమిషాలు నడిపి, కార్బ్యురేటర్ ఉన్న మోటారైతే పెట్రోల్ గొట్టం ఊడదీసి దానంతటది ఆగేదాకా వదిలేయండి. నడిపినంతసేపూ మోటారుని చల్లబరిచే నీళ్ళు అందుతూ ఉండాలి.

మిగతావన్నీ ఒకచోట చెప్పేస్తున్నా

- టార్పాలిన్‌ని పడవని నిలబెట్టే స్టాండ్లకి కట్టొద్దు. గాలికి టార్పాలిన్ లాగితే స్టాండు జారుతుంది, స్టాండు జారితే పడవ పడుతుంది. ట్రైలర్‌కి కట్టండి, లేదా పడవ కింది నుంచి తాడు తీసి అవతలి వైపుకి కట్టండి.
- ఎదురెదురు స్టాండ్లని గొలుసుతో కలపండి. మీ అంతట మీరు స్టాండు కదపొద్దు. ఒక్కటి కూడా.
- టార్పాలిన్ కింద మధ్యలో దూలంలా ఒక కర్ర, ఏటవాలుగా, మంచు జారిపోయేలా. రెండు చివర్లా గాలి ఆడాలి, లేకపోతే బూజు.
- నిచ్చెన ఎక్కే ముందు పైన కట్టండి.
- పంపు తోడేస్తుందిలే అనుకోవద్దు. గడ్డకట్టిన నీళ్ళని ఏ పంపూ తోడదు.
- బ్యాటరీ ఇంటికి. పూర్తిగా ఛార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50 డిగ్రీలకి కూడా గడ్డకట్టదు, ఖాళీ అయినది సున్నాకి కొద్ది కిందే గడ్డకడుతుంది.
- గ్యాస్ సిలిండర్ తీసేయండి.
- మంచు తోయడానికి ఇనప పార వాడొద్దు.
- డెక్ మీద వదులైన స్క్రూలు ఇప్పుడే బిగించి సీలు చేయండి. లోపల బాల్సా చెక్క పొర ఉన్న డెక్ అయితే ఈ ఒక్క పని వాయిదా వేయొద్దు, నీరు దిగితే పై పొర కింది పొర విడిపోతాయి.
- కంతకి లోపలివైపు స్టీలు జాలీ పెట్టండి, దాని చుట్టూ ఆకులు ఏరేయండి. వారం తర్వాత మళ్ళీ ఏరండి. చెట్లు మొత్తం రాలేదాకా.
- ప్లగ్ ఇంటికి తీసుకెళ్ళొద్దు. ట్రైలర్ వించ్ పిడికి కట్టేయండి, మే నెలలో పడవ దించాలంటే దాన్ని చేత్తో పట్టుకోక తప్పకూడదు.
- వాల్వులు మూసి ఉన్నాయా అని పడవ దించే రోజు చూడండి.
- జనవరిలో మంచు మొదటిసారి కరిగిన రోజు వెళ్ళండి. ఫిబ్రవరిలో వెళ్ళండి. మార్చిలో రెండుసార్లు వెళ్ళండి. యార్డువాళ్ళు చూసుకుంటారని టెన్షన్ లేకుండా కూర్చోకండి, వాళ్ళకి వందల పడవలుంటాయి. వెళ్ళినప్పుడల్లా టార్పాలిన్ ఎత్తి, కంతలో వేలు పెట్టి, జాక్ కింద పలక కుంగిందేమో వంగి చూడండి.

ఈ శనివారమే ఆ బకెట్ తీసుకెళ్ళండి. అణియం దగ్గర పోసిన నీళ్ళు వెనక నుంచి రాకపోతే జాక్ ఇంకో నాలుగు చుట్లు తిప్పి, మళ్ళీ పోయండి.