ఫీజు సంగతి తర్వాత, ముందు పిల్లల సంగతి: ఒడిశా సరిహద్దులో మళ్లీ చదువుకునే తల్లిదండ్రులకు

పెళ్లి వల్లనో ఉద్యోగ బదిలీ వల్లనో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బరంపురం, పర్లాకిమిడి, రాయగడ చేరినవారిలో, ఆగిపోయిన చదువును మళ్లీ అందుకోవాలనుకునేవారు తక్కువేం కాదు. అందరూ మొదట అడిగేది ఫీజు ఎంత అని. ఇంట్లో చిన్నపిల్లలుంటే అది రెండో ప్రశ్న. బిడ్డను ఎవరు, ఏ వేళ నుంచి ఏ వేళ వరకు చూస్తారన్నది ముందు తేలాలి. కోర్సును దాన్నిబట్టి ఎంచుకోవాలి.

రెగ్యులర్ కోర్సునే తీసుకోండి. 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయం ఊరి నడుమ లేదు, సుమారు 12 కిలోమీటర్ల దూరాన భంజవిహార్‌లో ఉంది. టైంటేబుల్‌లో నాలుగు గంటల తరగతులే కనిపిస్తాయి. బిడ్డను దింపడం, బండి కోసం నిలబడడం, తిరిగి రావడం కలిపితే డేకేర్‌కు ఆరు గంటల డబ్బు కట్టాల్సి వస్తుంది. డేకేర్ ఇంటికి దగ్గరుండాలా, క్యాంపస్‌కు దగ్గరుండాలా అని తర్జనభర్జన పడేవారికి నా సలహా ఇంటి దగ్గరే అని. మధ్యాహ్నం జ్వరం వచ్చిందని ఫోను వస్తే పక్కింటివారైనా వెళ్లి తీసుకురాగలరు. చేర్చేముందు నోరు తెరిచి నాలుగు మాటలు అడగండి: మీ సెలవుల నెలలకూ పూర్తి ఫీజు కట్టాలా, సాయంత్రం ఆలస్యమైతే అదనంగా ఎంత, మానేస్తే ప్రవేశ రుసుములో ఏమైనా వెనక్కి ఇస్తారా, సగం పూటకు ఒప్పుకుంటారా. నెల ఫీజు తక్కువ చెప్పేవారు ఇలాంటి చోట్లే రాబట్టుకుంటారు.

బీఈడీ మీద మనవాళ్లకు మక్కువ ఎక్కువ. పసిపిల్లలున్నవారికి ఇంతకంటే కఠినమైన కోర్సు లేదంటాను. నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, పాఠశాల ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. రెండేళ్లలో కలిపి ఆ ఇంటర్న్‌షిప్ 20 వారాలు. ఆ వారాల్లో మీరు రోజూ బడి వేళకు బడిలో ఉండాలి కాబట్టి సగం పూట డేకేర్ చాలదు. బిడ్డ కాస్త పెద్దయ్యాక చేరడమే మేలు.

చేతిలో డబ్బు తక్కువైతే దూరవిద్య నయం. ఇగ్నోలో, అంటే ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, జనవరి, జూలై నెలల్లో చేరవచ్చు. రెండేళ్ల ఎంఏను నాలుగేళ్లలో, మూడేళ్ల బీఏను ఆరేళ్లలో పూర్తి చేసుకునే వెసులుబాటు ఉంది. చాలా కోర్సుల్లో 30 శాతం మార్కులు ఇంట్లో కూర్చుని రాసే అసైన్‌మెంట్లకే. ఇంకో విశ్వవిద్యాలయం ఎంచుకుంటే దానికి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) అనుమతి ఉందో లేదో చూసుకోండి. 2024 నుంచి దూరవిద్యలో చేరడానికి డెబ్ ఐడీ, అంటే యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే గుర్తింపు సంఖ్య తప్పనిసరి, దాన్ని మీరే తీసుకోవాలి. చిక్కంతా పరీక్షల దగ్గరే. జూన్ పరీక్షల మధ్యలోనే ఒడియావారి రజ పండుగ వస్తుంది. మూడు రోజులు ఆడవాళ్లు పనికి సెలవిచ్చి ఊయలలూగే పండుగ. మీ ఆయా మాత్రం ఎందుకు వస్తుంది? అమ్మనో అత్తగారినో ఊరి నుంచి పిలవాలంటే ఆ పదిహేను రోజులకే పిలవండి. ఏడాది పొడవునా వారిని కట్టిపడేస్తే డేకేర్ డబ్బు మిగులుతుంది గానీ అక్కడ మావగారి మందులూ పశువులూ చూసేవారుండరు. ఆ ఖర్చు మన పద్దులో కనబడదంతే.

మూడేళ్లు నిండిన పిల్లలను అంగన్‌వాడీకి పంపడానికి మొహమాటపడకండి. ఆటపాటలు, వేడి భోజనం ఉచితం. ఉదయం కొద్ది గంటలే ఉంటుంది కాబట్టి డేకేర్‌కు పూర్తి బదులు కాదు, సగం పూట డేకేర్‌తో కలిపితే సరిపోతుంది. కేంద్రం 2022లో తెచ్చిన పాల్నా పథకం కింద కొన్ని అంగన్‌వాడీలకు శిశు సంరక్షణ కేంద్రం కూడా జోడించారు. మీ వార్డులో ఉందేమో అక్కడి దీదీని అడగండి. పిల్లలు అక్కడ ఒడియా పట్టేస్తారు, తర్వాత మీ దరఖాస్తులు చదివి పెట్టేది వాళ్లే. బరంపురం బజారులో తెలుగు నడుస్తుంది, కార్యాలయంలో నడవదు.

కాగితాల విషయంలో కొత్తవారు ఎక్కువగా దెబ్బతింటారు. రేషన్ కార్డు ఆంధ్రాలో ఉన్నా, అది కేంద్ర ఆహార భద్రత చట్టం కిందిదైతే బియ్యం ఇక్కడ తీసుకోవచ్చు. కానీ 2024 సెప్టెంబరులో మొదలైన సుభద్ర పథకం ఒడిశా నివాసులకే. అర్హత ఉన్న 21 నుంచి 60 ఏళ్ల మహిళలకు ఏటా రెండు విడతల్లో రూ.10,000 ఇస్తారు. ఆదాయ పరిమితి ఉంది. రెండు నెలల డేకేర్‌కైనా అక్కరకొస్తుంది కదా, నివాస ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయానికి ముందే వెళ్లండి. ఇక ఆంధ్రాలో బీసీ అయినంత మాత్రాన ఇక్కడ రిజర్వేషన్ వర్తిస్తుందనుకోకండి. కులాల జాబితాలు రాష్ట్రానికొకటి.

పీహెచ్‌డీలో ఉన్న మహిళలకు కోర్సు మొత్తంలో 240 రోజుల వరకు ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చని యూజీసీ నిబంధన ఉంది. డిగ్రీ, పీజీ విద్యార్థినులకూ ప్రసూతి సెలవు, హాజరు సడలింపులపై నిబంధనలు చేయమని 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. లేఖ లేఖే, అమలు మీ విభాగం చేతుల్లో ఉంటుంది. నోటిమాట మీద ఆగకుండా దరఖాస్తు రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేసిన నకలు దగ్గర ఉంచుకోండి.