పిడుగుల కాలానికి ముందు: మబ్బు నెత్తి, యాప్ చుక్కలు, చేతిలో మిగిలే నిమిషాలు

మార్చి సగం దాటినప్పటి నుంచి నైరుతి కుదురుకునే దాకా తెలుగు రాష్ట్రాల్లో పిడుగుల కాలం. విదర్భ వైపు నుంచి దక్షిణాదికి ద్రోణి (గాలి ఒత్తిడి తక్కువగా ఉండే పొడవాటి పట్టీ) సాగుతుంది, బంగాళాఖాతం నుంచి తేమగాలి లోపలికి వస్తుంది, పగటి ఎండ నేలను కాలుస్తుంది. ఈ మూడూ ఒకే రోజు కలిస్తే, మధ్యాహ్నం రెండింటికి దూదిపింజలా కనిపించిన మబ్బు నాలుగింటికల్లా పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు లేచి కూర్చుంటుంది. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. దాళ్వా, యాసంగి కోతలు, కల్లాలు, మిరప ఆరబోత, ఉపాధి హామీ పనులు అన్నీ సరిగ్గా ఈ రోజుల్లోనే.

కల్లమైనా, మార్కెట్ యార్డయినా, పదిమంది బాధ్యత మోసేవాళ్లు ముందే గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఫోన్‌లో కనిపించే ప్రతి బొమ్మా కాస్త పాతదే. ఆ పాతదనం తీసేస్తే ఎన్ని నిమిషాలు మిగులుతాయో, ఆ నిమిషాల్లో ఎవరు ఏం చేయాలో మబ్బు పట్టకముందే తేల్చుకోవాలి.

పై నుంచి కనిపించేది

ఇన్శాట్-3డీఆర్, ఇన్శాట్-3డీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండి ఒక్కొక్కటి అరగంటకోసారి చిత్రం తీస్తాయి. రెండూ వంతులు వేసుకుంటాయి కాబట్టి పావుగంటకో చిత్రం అందుతుంది. పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) చిత్రంలో కనిపించేది మబ్బు నెత్తి ఉష్ణోగ్రత. నెత్తి ఎంత చల్లగా ఉంటే మబ్బు అంత ఎత్తు ఎదిగినట్టు.

చాలామంది తెల్లగా మెరిసే ముద్ద కోసం చూస్తారు. చూడాల్సింది ముద్దను కాదు, మార్పును. మైనస్ 10 డిగ్రీలున్న నెత్తి రెండు చిత్రాల తేడాలో మైనస్ 35, 40కి దిగిందంటే ఆ మబ్బు లోపల మంచు పలుకులు, మెత్తటి వడగళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. విద్యుదావేశం పుట్టేది అక్కడే. ఇది మొదటి పిడుగు ఇంకా పడకముందే దొరికే సూచన, పిడుగుల యాప్ అప్పటికి ఖాళీగానే ఉంటుంది.

ఉపగ్రహ చిత్రంతో మూడు చోట్ల బోల్తా పడతారు. మొదటిది సమయం. చిత్రం మీద యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని ఉంటే 5 గంటల 30 నిమిషాలు కలపాలి. 0930 యూటీసీ అంటే మనకు మధ్యాహ్నం 3 గంటలు. రెండోది చోటు. ఉపగ్రహం భూమధ్యరేఖ మీద నుంచి మన వైపు ఏటవాలుగా చూస్తుంది. అందుకే 15 కిలోమీటర్ల ఎత్తున్న మబ్బు నెత్తి మన అక్షాంశాల్లో అసలు చోటు కన్నా అయిదారు కిలోమీటర్లు ఉత్తరంగా జరిగి కనిపిస్తుంది. బొమ్మలో మబ్బు మీ మండలానికి ఉత్తరపు అంచున ఉంటే, నిజానికి మీ నెత్తిన ఉండొచ్చు. మూడోది ముసలి మబ్బు. కురిసి అలిసిపోయిన మబ్బు పైభాగం కమ్మరి దాగలిలా పరుచుకుని గంటల తరబడి చల్లగా, తెల్లగా కనిపిస్తుంది. కొత్త ముప్పు దాని నడుమ కాదు, దాని అంచున చిన్నగా, వేగంగా చల్లబడుతున్న బొట్టులో ఉంటుంది.

నేల మీద నుంచి వినిపించేది

అమెరికా గోస్-16 ఉపగ్రహం మీద మెరుపుల్ని లెక్కపెట్టే కన్ను ఉంది. మన ఇన్శాట్‌లకు అది లేదు. మన దగ్గర పిడుగుల సమాచారం నేల మీది సెన్సర్ల నుంచి వస్తుంది. మెరుపు మెరిసినప్పుడు రేడియోలో వినపడే గరగర తెలిసిందే. ఆ గరగర తెచ్చే రేడియో తరంగం వేర్వేరు సెన్సర్లకు చేరిన సమయాల్లో ఉండే అతి చిన్న తేడాలతో పడిన చోటు కడతారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తెచ్చిన దామిని యాప్ ఇలాంటి సెన్సర్ల వలయం మీదే నడుస్తుంది. మీరున్న చోటి చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో గత 5, 10, 15 నిమిషాల్లో పడినవాటిని వేర్వేరు రంగుల చుక్కలుగా చూపిస్తుంది.

ప్రతి చుక్కా పడిపోయిన పిడుగే. పడబోయేది అందులో లేదు. అందుకే ఒక్కో చుక్క దూరాన్ని కొలవడం కన్నా చుక్కల వరస ఎటు జరుగుతోందో చూడండి. పాత రంగు పడమర, కొత్త రంగు తూర్పున ఉంటే మబ్బు తూర్పుకు నడుస్తున్నట్టు. చుక్కలు ఉన్నట్టుండి రెట్టింపు, మూడింతలయ్యాయంటే మబ్బులో పైకి ఎగదన్నే గాలి బలం పుంజుకుందని అర్థం. ఆ తర్వాత పది, ఇరవై నిమిషాల్లో ఈదురుగాలి, వడగళ్లు దిగే అవకాశం ఎక్కువ. మామిడి తోటల వాళ్లకు ఇది బాగా పనికొచ్చే గుర్తు.

ఏ వలయమూ పిడుగులన్నిటినీ పట్టుకోలేదు. మబ్బులోనే మెరిసి ఆగిపోయే బలహీనమైన మెరుపులు ఎక్కువగా తప్పించుకుంటాయి. యాప్ ఖాళీగా ఉండి చెవికి ఉరుము వినబడితే చెవినే నమ్మండి.

ఒక కల్లం, ఒక లెక్క

కల్లంలో వడ్లు ఆరబోసి ఉన్నాయి. పడమట మబ్బు. వాతావరణ శాఖ రాడార్ బొమ్మలో దాని ముందు అంచు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది. అరగంట కిందటి బొమ్మలో 50. అంటే గంటకు 40 కిలోమీటర్ల నడక. ఇంకా 45 నిమిషాలుంది కదా అనుకుంటే మునిగినట్టే. పిడుగు మబ్బు అంచు దాటి పది కిలోమీటర్ల ముందు కూడా పడుతుంది. కాబట్టి నిజంగా ఉన్న దూరం 20 కిలోమీటర్లు, సమయం 30 నిమిషాలు. బొమ్మ మీది సమయానికీ గడియారానికీ తేడా 12 నిమిషాలుందనుకోండి, మిగిలింది 18. వడ్లు కుప్పకు లాగి, టార్పాలిన్ కప్పి, అంచుల మీద బరువులు పెట్టడానికి ఇద్దరికి అరగంట. పక్కా ఇంటికి నడక 5 నిమిషాలు. చాలదు.

అదే లెక్క వెనక్కి వేయండి. 30, 5, 12 కలిపితే 47 నిమిషాలు. గంటకు 40 చొప్పున 31 కిలోమీటర్లు, దానికి పిడుగు ముందుకు దూకే 10 కలిపితే 41. అంటే యాప్‌లో 40 కిలోమీటర్ల గీత లోపలికి చుక్క రాగానే టార్పాలిన్ పని మొదలవ్వాలి. 20 గీత దాటితే వడ్ల సంగతి వదిలేయాలి, మనుషులు కదలాలి. మీ దగ్గర కుప్ప పెద్దదైనా, ఇల్లు దూరమైనా ఆ గీత ఇంకా వెనక్కి జరగాలి. ఈ అంకెలు సీజన్ ముందే ఒక అట్ట మీద రాసి కల్లం దగ్గర వేలాడదీయడం మంచిది. మబ్బు కమ్మాక ఎవరికీ లెక్కలు తోచవు.

ఈ తిన్నని లెక్క కూడా ఒక చోట తప్పుతుంది. మబ్బు కిందికి దిగిన చల్లగాలి నేల మీద ముందుకు దూసుకొచ్చి, దారిలోని తేమగాలిని ఎగదన్ని కొత్త మబ్బు పుట్టిస్తుంది. అది మీ నెత్తి మీదే కావచ్చు. ఉక్కపోతలో ఒక్కసారిగా చల్లటి ఈదురుగాలి, దాంతో మట్టి వాసన వచ్చిందంటే గీతలతో పనిలేదు, వెంటనే లోపలికి.

మూడు గంటల సూచన ఎంతవరకు

వాతావరణ శాఖ తక్షణ సూచన రాబోయే మూడు గంటలకు ఇస్తుంది, మూడు గంటలకోసారి మారుస్తుంది. కంప్యూటర్ మోడళ్లలోకి పిడుగుల సమాచారం ఎక్కించే పద్ధతి ఇలా ఉంటుంది. మోడల్ ప్రాంతాన్ని చిన్న చిన్న గడులుగా విడదీసి లెక్క కడుతుంది. ఒక గడిలో పిడుగులు నమోదై, మోడల్ మాత్రం అక్కడ మబ్బే లేదంటే తప్పు మోడల్‌దే. అప్పుడు ఆ గడిలో సున్నా నుంచి మైనస్ 20 డిగ్రీల పొరలో తేమ పెంచుతారు, మోడల్ అక్కడ తనంతట తానే మబ్బు లేపుతుంది. ఇలా లేని మబ్బును కలపడం తేలిక. మోడల్ భ్రమపడి పెట్టుకున్న మబ్బును తీసేయడమే కష్టం, ఎందుకంటే పిడుగు లేకపోయినంత మాత్రాన మబ్బు లేదని చెప్పలేం. వచ్చిన మెరుగుదల కూడా మొదటి కొన్ని గంటలకే ఎక్కువ పనిచేస్తుంది. పొద్దున చూసిన సూచనతో సాయంత్రం పొలానికి వెళ్లకండి. ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఉన్న రోజు దూరపు చేల పని పొద్దున పూటకే మార్చుకోండి.

సీజన్ ముందు ఫోన్ పని

దామిని, వాతావరణ శాఖ మౌసం, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ యాప్‌లకు లొకేషన్ అనుమతి ‘ఎప్పుడూ’ అని పెట్టండి. ఫోన్‌లో బ్యాటరీ పొదుపు ఈ యాప్‌లను నిద్రపుచ్చకుండా మినహాయించండి. మోగాల్సిన హెచ్చరిక మోగకపోవడానికి తరచుగా కారణం అదే. గాలివాన ముందు కరెంటు పోయి సెల్ టవర్ పడిపోవచ్చు, అందుకే వేర్వేరు నెట్‌వర్క్‌ల ఫోన్లు రెండు, నిండా ఛార్జింగ్‌తో ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తు నిర్వహణ సంస్థ నంబర్లు 112, 1070, 18004250101 అందరి ఫోన్లలో ఉండాలి. సెల్‌ఫోన్ పిడుగును లాగుతుందన్న మాట నిజం కాదు. గోడకు ఛార్జర్ పెట్టి పట్టుకుంటేనే ప్రమాదం.

ఏ సిగ్నలూ లేకపోతే మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 లోపు వినపడితే మీరు పిడుగు పరిధిలో ఉన్నట్టే.

ఎక్కడికి

పక్కా ఇల్లు, లేదా అద్దాలు ఎక్కించిన కారు, బస్సు. నాలుగు వైపులా తెరిచిన రేకుల షెడ్డు, కేబిన్ లేని ట్రాక్టర్, పూరిపాక కాపాడవు. తాటిచెట్టు, వేపచెట్టు కింద నిలబడటం అన్నిటికన్నా చెడ్డది, చెట్టు మీద పడిన పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. మోటారు స్టార్టర్ డబ్బా, తీగ కంచె, టార్పాలిన్ కట్టిన ఇనుప గుంజ ముట్టుకోవద్దు. పశువుల్ని చెట్టుకు గానీ తీగ కంచెకు గానీ కట్టకండి. వాటి ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరం ఎక్కువ, నేలలో పారే కరెంటు ఆ కాళ్ల గుండా గుండెకు ఎక్కుతుంది. మైదానంలో చిక్కుకుంటే మనుషులు విడివిడిగా జరిగి, పాదాలు దగ్గరపెట్టి గొంతుక్కూర్చోవాలి, పడుకోకూడదు. దీన్ని చివరి దారిగానే వాడాలి, లోపలికి వెళ్లే వీలుంటే దీనికోసం ఆగొద్దు.

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు నిలవదు, ముట్టుకోవచ్చు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ, ఇంకొకరితో 108కి ఫోన్ చేయించండి. ఒకేసారి చాలామంది పడితే కదలనివాళ్ల దగ్గరికే ముందు వెళ్లాలి. మూలిగేవాళ్లకు ఊపిరి ఆడుతోంది, వాళ్లు కాసేపు ఆగగలరు.

వాన తగ్గిందని బయటికి రాకండి. చివరి ఉరుము నుంచి 30 నిమిషాలు ఆగాలి. మధ్యలో ఇంకొకటి వినబడితే గడియారం మళ్లీ మొదటి నుంచి.